డబ్బా కొనేముందు

ఆగస్టు రెండో వారం. డాలస్ శివార్లలోనో, మిస్సోరీలో ఏ చిన్న ఊళ్లోనో ఒక వాల్‌మార్ట్. బండి తోసుకుంటూ నలుగురు కుర్రాళ్లు. అమెరికాలో దిగి మూడు రోజులైంది, నిద్ర ఇంకా కుదురుకోలేదు. బండిలో దుప్పటి, దిండు, బకెట్టు, మగ్గు దొరక్క దాని బదులు ఒక కొలత గ్లాసు (ఈ బాధ పడ్డవాళ్లకే తెలుసు), అన్నిటికీ పైన ఒకదాంట్లో ఒకటి దూర్చిన ఆరు ప్లాస్టిక్ డబ్బాలు. "సామాను పెట్టుకోడానికి ఉండాలి కదరా" అంటాడు ఒకడు. ఏం సామాను, ఎంత సామాను, ఎక్కడ పెట్టాలి? ఎవరికీ తెలీదు. డబ్బాలు మాత్రం కొనేశారు.

2006లో నేనూ అదే పని చేశాను. నల్లవి, లోపలేముందో కనపడనివి, చవకగా దొరికాయని ఆరు తెచ్చుకున్నాను. గదిలో పావు వంతు వాటికే పోయింది. నింపడానికి సామాను ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు గానీ, రెండు నెలలు తిరక్కుండా ఆరూ నిండాయి. ఖాళీ డబ్బాకి ఆ గుణం ఉంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి పడేసేదాకా నోరు తెరుచుకునే ఉంటుంది.

నవ్వొచ్చే సంగతేమిటంటే, అంతకుముందు ఆరేళ్లు ఒకే ఒక్క పెట్టెతో బతికినవాణ్ణి నేను. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల వచ్చింది. ఆ తర్వాత జిల్లా జిల్లాకీ పాకిన గురుకులాల్లో ఒకదాంట్లో చదివాను. అయిదో తరగతిలో చేరేటప్పుడు మా నాన్న రేకు ట్రంకు పెట్టె కొనిచ్చాడు. ఆకుపచ్చ రంగు, మూత మీద తెల్ల పెయింటుతో నా పేరు, చిన్న తాళం, తాళంచెవి మొలతాడుకి. లోపల రెండు జతల యూనిఫాం, కంచం, గ్లాసు, సబ్బుపెట్టె, కొబ్బరినూనె సీసా, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు, ఒక మూల పచ్చడి సీసా. రాత్రి కరెంటు పోయినా చెయ్యి పెట్టి ఏది కావాలంటే అది తీసేవాణ్ణి. పెట్టె నిండితే అంతే. కొత్తది లోపలికి పోవాలంటే పాతది బయటికి రావాలి. సర్దుకోవడం మాకెవరూ నేర్పలేదు, పెట్టే నేర్పింది.

అలాంటివాణ్ణి అమెరికా వచ్చి ఆరు డబ్బాల్లో కూరుకుపోయాను. ఎందుకు?

ఎందుకంటే ఆ పెట్టె గీసిన గీత పోయింది. ఇప్పుడు వచ్చే పిల్లల్నే చూడండి. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మళ్లీ మొదటిసారి చైనాని దాటాం. వాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లల వాటా ఎంత పెద్దదో డాలస్‌లోనో డేటన్‌లోనో ఏ ఇండియన్ స్టోరులో అడుగుపెట్టినా చెవులకే తెలుస్తుంది. దాదాపు అందరూ వచ్చింది రెండు పెట్టెలతో. ఒక్కోటి 23 కిలోలు. ఆ రెండు పెట్టెలు సర్దిన రాత్రి గుర్తు తెచ్చుకోండి. హాలు మధ్యలో పెట్టె, పక్కన స్ప్రింగు కాటా, చుట్టూ ఇంటిల్లిపాదీ. అరకిలో ఎక్కువైందని జీన్సు ప్యాంటు తీసేస్తే, ఆ సందులో అమ్మ కందిపొడి ప్యాకెట్టు దూర్చేస్తుంది. మళ్లీ కాటా. మళ్లీ తీత. ప్రతి వస్తువు గురించీ "ఇది నిజంగా కావాలా" అని ఇంట్లో పంచాయితీ. మీ జీవితంలో అంత బాగా ఇంకెప్పుడూ సర్దుకుని ఉండరు. కారణం మీ క్రమశిక్షణ కాదు, ఎయిర్‌లైన్ వాళ్లు గీసిన గీత.

విమానం దిగాక తూచేవాడు లేడు. ఆన్‌లైన్లో నొక్కితే రెండు రోజుల్లో గుమ్మం ముందుంటుంది. సీనియర్లు వెళ్తూ వెళ్తూ రైస్ కుక్కర్లు, కుర్చీలు, సగం వాడిన షాంపూలు అంటగట్టి పోతారు. మొహమాటం కొద్దీ తీసుకుంటాం. గీత గీసేవాడు లేనప్పుడు మనమే గీసుకోవాలి. డబ్బా ఆ పనికి వాడుకోవాల్సిన వస్తువు. 'నా పుస్తకాలు ఇంతవరకే, నా చలి బట్టలు ఇంతవరకే' అని చెప్పే నాలుగు గోడలు. నిండిందంటే ఇంకో డబ్బా కొనమని అర్థం కాదు, లోపల ఒకటి ఎక్కువైందని అర్థం.

ఐ-20 మీద ఆవకాయ

రెండో ఏడు మా చెల్లెలి పెళ్లి కుదిరింది. శుక్రవారం ఫ్లైటు. వెళ్లి తిరిగి రావాలంటే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ప్రయాణానికి సంతకం ఉండాలి. అది సంతకం పెట్టిన నాటి నుంచి ఏడాదే చెల్లుతుంది, నాది దాటిపోయింది. గురువారం పొద్దున విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్తే పనైపోతుంది అనుకున్నాను. బుధవారం రాత్రి కాగితం కోసం చూస్తే లేదు.

ఆరు డబ్బాలు. ఆరూ నల్లవే. ఆరూ ఒకే సైజు. మొదటిదాంట్లో చార్జర్లు, పాత కేబుళ్లు, దీపావళికి కొన్న సీరియల్ లైట్లు. రెండోదాంట్లో పాఠ్యపుస్తకాలు, ఇస్త్రీపెట్టె. మూడోదాంట్లో ఇస్త్రీపెట్టె తాలూకు అట్టపెట్టె. నాలుగోది తెరవగానే ముందు వాసన వచ్చింది. మూత వదులైన ఆవకాయ సీసా, దాని పక్కన చలికోటు, కోటు కింద ఫైలు, ఫైల్లో ఐ-20. కాగితం కింది మూల నూనె పీల్చుకుని ఎర్రగా, అచ్చం గోదావరి జిల్లా మ్యాపులా.

మర్నాడు ఆఫీసులో ఆవిడ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది తినే వస్తువా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేం మాట్లాడకుండా కొత్తది ప్రింటు తీసి సంతకం పెట్టి ఇచ్చింది. పెళ్లికి వెళ్లాను. కోటు మాత్రం మూడుసార్లు ఉతికినా వాసన పోలేదు. ఆ చలికాలం బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

ఐ-20 ఆ డబ్బాలోకి ఎందుకు వెళ్లింది? నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కాగితం అక్కరకొచ్చేదే, కానీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేదు. కోటు ఏప్రిల్లో విప్పాను, ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేదు. ఆవకాయ రెండో సీసా, ఎవరికైనా ఇవ్వాలా ఉంచుకోవాలా, తేల్చుకోలేదు. తేల్చని మూడు వస్తువులూ దగ్గర్లో ఉన్న మూత కింద కలుసుకున్నాయి. నా దగ్గరున్నవి సామాను డబ్బాలు కావు, 'తర్వాత చూద్దాం' డబ్బాలు. మీ మంచం కింద ఉన్నదాన్ని ఒకసారి లాగి చూడండి. లోపలున్నది సామానా, వాయిదానా?

జపాన్ కార్ల ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఫైవ్ ఎస్ పద్ధతి గురించి ఇంజినీరింగ్‌లో చదివే ఉంటారు. అందులో మొదటి మాట సెయిరి, అంటే అక్కర్లేనిది ఏరి తీసేయడం. రెండోది సెయిటన్, అంటే మిగిలినదానికి చోటు చూపించడం. మనం పరీక్షలో వరస తప్పకుండా రాసి, గదిలో మాత్రం రెండోదానితో మొదలుపెడతాం. ఏరకుండా సర్దితే చెత్త వరసలో నిలబడుతుంది, అంతే తేడా.

పది రోజులు ఆగండి

కాబట్టి దిగిన వారంలో డబ్బా కొనొద్దు. పది రోజులు ఆగండి. మీతో వచ్చిన పెట్టెలే మీ మొదటి డబ్బాలు. గట్టివి, చక్రాలున్నవి, తాళం పడేవి, డబ్బులు ఇచ్చేసినవి. చలికాలం బట్టలు, పెళ్లి బట్టలు, అమ్మ పెట్టిన రెండో దుప్పటి ఖాళీ పెట్టెలోనే వేసి మంచం కిందకో క్లోజెట్ మూలకో తోసేయండి. చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో దూర్చి ఖాళీగా ఉంచేవాళ్లను చూశాను. అంత ఖాళీ చోటు పెట్టుకుని, బయటికెళ్లి డబ్బా కొనుక్కొస్తారు.

ఈ పది రోజుల్లో ఒక్కటే పని. రోజూ వాడినవి ఒక పక్కన, వారంలో ఒకటి రెండుసార్లు ముట్టుకున్నవి ఒక పక్కన, అసలు ముట్టుకోనివి ఒక పక్కన పడుతూ ఉంటాయి. వాటిని పడనివ్వండి. పదో రోజుకి మీ సామాను స్వభావం మీకే తెలుస్తుంది.

అప్పుడు కొలత టేపు తీయండి. అమెరికా డార్మ్ (క్యాంపస్ హాస్టల్) మంచం సాధారణంగా ట్విన్ ఎక్స్ఎల్, అంటే 38 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. మామూలు ట్విన్ కంటే 5 అంగుళాలు పొడవెక్కువ. (మామూలు ట్విన్ దుప్పటి కొని, కాళ్ల దగ్గర పట్టక రాత్రంతా లాక్కునే బాధ అందుకే.) మంచం కింద ఎంత ఎత్తుందో నేల నుంచి చట్రం అడుగు దాకా కొలవండి. చాలా డార్మ్ మంచాల ఎత్తు మార్చుకోవచ్చు, హాస్టల్ ఆఫీసులో అడిగితే చెప్తారు. మంచం కాళ్ల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మెలు కొన్నిచోట్ల నిషేధం, అవి కొనేముందూ అడగండి. క్లోజెట్ లోతు, అల్మరా తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి కావాల్సిన జాగా, రెండూ కాగితం మీద రాసుకోండి. కాగితం లేకుండా షాపుకి వెళ్లొద్దు.

షాపులో డబ్బాల మీద క్వార్టులు అని ఉంటుంది. క్వార్టంటే కాస్త తక్కువ లీటరు, నాలుగు క్వార్టులు ఒక గ్యాలన్. 66 క్వార్టుల డబ్బా అంటే ఇంచుమించు 62 లీటర్లు. మన నీళ్ల క్యాన్లు మూడు పట్టేటంత. ఆ సైజులో పుస్తకాలు వేస్తే కదిలించడానికి ఇద్దరు కావాలి. బరువైనవి చిన్న డబ్బాలో, తేలికైనవి పెద్దదాంట్లో. లోపల కనిపించే రకమే కొనండి. నా నల్ల డబ్బాల కథ విన్నారు కదా.

ఈ దేశంలో డబ్బాల ఆకర్షణ సామాన్యమైంది కాదు. 1978లో డాలస్‌లో ది కంటైనర్ స్టోర్ అని ఒక దుకాణం పెట్టారు, సరుకు లేకుండా సరుకు పెట్టుకునేవి మాత్రమే అమ్మడానికి. అది దేశమంతా పాకింది. ఆ కంపెనీయే 2024 డిసెంబరులో దివాలా రక్షణ కోసం కోర్టుకి వెళ్లింది. మొదటిసారి అందులో అడుగుపెట్టినప్పుడు నాకూ కళ్లు తిరిగాయి. అరల్లో వరసగా, తళతళలాడుతూ, అన్నీ ఖాళీగా. కొంటే జీవితం కూడా అలాగే తళతళలాడుతుందనిపిస్తుంది. డాలర్ షాపులో బుట్ట కూడా అదే పని చేస్తుందని బిల్లు చూశాక గుర్తొస్తుంది.

అమ్మ దగ్గర ఉన్న డిజైను

సర్దడం మీద పుస్తకాలు బోలెడు వచ్చాయి. జపాన్ ఆవిడ మారీ కొండో రాసిన పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. వస్తువును చేతిలోకి తీసుకుని అది సంతోషం ఇస్తుందో లేదో చూసుకోమంటుంది. మంచిదే. కానీ ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్టు ఎవరికి సంతోషం ఇస్తుంది? అది లేకపోతే పప్పుడకదు, అంతే. నా గురువు వేరే ఉంది, ప్రతి తెలుగింట్లోనూ పొయ్యి పక్కన ఉంటుంది. పోపుల డబ్బా.

ఒకసారి దాన్ని దగ్గరగా చూడండి. గుండ్రటి స్టీలు డబ్బా. లోపల ఏడు చిన్న గిన్నెలు, మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, పసుపు, కారం. ఎండుమిరపకాయలు గిన్నెల మీద అడ్డంగా పడుకుని ఉంటాయి. ఒక బుల్లి చెంచా. నూనె కాగుతుంటే అమ్మ కళ్లు బాణలి మీదే ఉంటాయి, చెయ్యి మాత్రం డబ్బాలోకి వెళ్లి ఆవాల గిన్నెనే పట్టుకుంటుంది. మెంతుల గిన్నెలోకి పోదు. పోపు మాడిపోవడానికి పట్టేది కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లో వెతుకులాట పనికిరాదు గనకే ఆ డబ్బా అలా ఉంది.

అందులో మినప్పప్పు, శనగపప్పు పప్పులతో పాటు లేవు. పసుపు, కారం పొడులతో పాటు లేవు. అన్నీ పోపుతో పాటు ఉన్నాయి. జాతిని బట్టి కాకుండా పనిని బట్టి చేరాయి. మీ గదికి ఇదే కావాలి. 'ఎలక్ట్రానిక్స్' అని రాసిన డబ్బాలో ల్యాప్‌టాప్ చార్జరూ హెయిర్ డ్రయ్యరూ కలిసి ఉండి ఏం లాభం? రెండూ ఎప్పుడూ కలిసి పనిచేయవు. లైబ్రరీకి వెళ్లే పని ఒకటి. చార్జర్, ఇయర్‌ఫోన్లు, కాల్క్యులేటర్, పెన్నులు, నీళ్లసీసా ఒక బుట్టలో. స్నానం పని ఒకటి. డార్మ్‌లో బాత్రూం అందరిదీ కాబట్టి సబ్బు, బ్రష్షు, నూనె, స్లిప్పర్లు నీళ్లు కారిపోయే చిల్లుల బుట్టలో. క్యాంపస్ ఉద్యోగం పని ఒకటి. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి చేయనివ్వరు, చేసే ఆ కాసిన్ని గంటలకీ టోపీ ఒకచోట, బ్యాడ్జీ ఒకచోట, నల్ల సాక్సులు ఇంకోచోట ఉంటే షిఫ్టుకి పావుగంట ముందు గది యుద్ధభూమే. మూడూ ఒకే సంచిలో, తలుపు వెనక కొక్కేనికి.

ఇంకోటి గమనించండి. ఆ గిన్నెలు చిన్నవి. ఇంట్లో కిలో ఆవాలున్నా గిన్నెలో ఉండేది గుప్పెడే. మిగతాది వెనక అరలో పెద్ద డబ్బాలో, అదీ పట్టకపోతే అటక మీద. గిన్నె ఖాళీ అయితే అక్కణ్ణుంచి వస్తుంది. మన పిల్లలు పన్నెండు టూత్‌పేస్టుల ప్యాకెట్టు చవకని తెచ్చి, పన్నెండూ బల్ల మీదే పెట్టుకుంటారు. ఒకటి బుట్టలో ఉండాలి, పదకొండు అటక మీద. డార్మ్‌లో అటకంటే మంచం కింద గోడవైపు భాగం. చెయ్యి అందని చోటు వ్యర్థం కాదు, అరుదుగా వాడేవాటికి అదే సరైన చోటు.

మూతల సంగతి నేను సొంతంగా కనిపెట్టుకున్న లెక్క, కావాలంటే తీసుకోండి. రోజూ వాడేదాని మీద మూత ఉండకూడదు. బుట్ట, ట్రే, కొక్కెం. వారానికోసారి వాడేదాని మీద ఒక మూత. ఏడాదికోసారి వాడేది ఒక మూతున్న డబ్బాలో పెట్టి, దాని మీద ఇంకో డబ్బా పెట్టినా పర్వాలేదు. ఇది తిరగబడితే గది ఎన్నిసార్లు సర్దినా ఆదివారం సాయంత్రం దాకానే నిలుస్తుంది. రోజూ వాడే ఫోన్ చార్జర్ కోసం రెండు మూతలు తీసేవాడు మూడో రోజు నుంచి దాన్ని మంచం మీదే వదిలేస్తాడు. అది బద్ధకం అనుకుని తిట్టుకుంటాడు కూడా. తప్పు వాడిది కాదు, మూతది.

డబ్బాకి పేరు రాసేటప్పుడు మూత మీద రాయకండి, పైన ఇంకోటి పెడితే కనపడదు. బయటికి కనిపించే ముఖం మీద, లావు మార్కర్‌తో రాయండి. 'ఇతరాలు' అని మాత్రం రాయొద్దు. ఆ మాట రాసిన రోజే ఆ డబ్బా మీ చెయ్యి దాటిపోయింది. నా స్నేహితుడొకడు అన్నిటి మీదా తెలుగులో రాసుకున్నాడు. పంజాబీ రూమ్మేటు ముట్టుకోడని ధీమా. ఆరు నెలల్లో ఆ అబ్బాయి కూడబలుక్కుని 'జంతికలు' చదవడం నేర్చుకున్నాడు.

కాగితాల డబ్బా మీద ఎవరితోనూ రాజీ పడొద్దు. పాస్‌పోర్టు, ఐ-20లు (పాతవి కూడా), సోషల్ సెక్యూరిటీ కార్డు, లీజు కాపీ, డిగ్రీ సర్టిఫికెట్లు, టీకాల కాగితాలు. ఒక జిప్పున్న ఫైలు, అది ఒక్కటే, ఎప్పుడూ ఒకేచోట. సోషల్ సెక్యూరిటీ కార్డు పర్సులో పెట్టుకు తిరగొద్దని ఆ కార్డు ఇచ్చే ఆఫీసే చెప్తుంది. అన్నిటికీ ఫొటో తీసి ఈమెయిల్లో దాచుకోండి. ఆ ఫైలు దగ్గరికి తినే వస్తువు రానివ్వొద్దు. ఎందుకో మళ్లీ చెప్పను.

తినే వస్తువుల మాట వచ్చింది గనక. ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా మూతి చింపి అలాగే మూలన పెడితే, మీకన్నా ముందు తినేవాళ్లు చాలామంది ఉన్నారు. బిగుతు మూత ఉన్న డబ్బాలో పోయండి. పచ్చళ్ల సీసాలు విడిగా ఒక లోతైన ప్లాస్టిక్ తొట్టెలో, కారినా అందులోనే కారేలా. అట్టపెట్టెల్లో ఏదీ ఉంచకండి, ఆ ముడతల్లో బొద్దింకలు, నల్లులు కాపురం పెడతాయి. అమెరికాలో నల్లులా అని నవ్వకండి. నల్లుల బెడద తగ్గాలంటే గదిలో సామాను తగ్గించుకోమని, అట్టపెట్టెల బదులు మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు వాడమని ఇక్కడి పర్యావరణ రక్షణ సంస్థే సలహా ఇస్తుంది. రోడ్డు పక్కన వదిలేసిన పరుపు, గుడ్డ సోఫా ఎంత బాగున్నా ఇంట్లోకి తేవద్దు. కడిగి తుడవగలిగేవైతే సరే. ఎవరైనా ఇచ్చిన బట్టలు ముందు డ్రయ్యర్లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పాకే డబ్బాలోకి.

సర్దుకోవడం, సర్దుకుపోవడం

తెలుగులో ఈ మాట చూడండి. వస్తువులు సర్దుకోవడం, మనుషులతో సర్దుకుపోవడం, రెండూ ఒకే వేరు మీద పుట్టాయి. ఫోన్లో అమ్మ "కాస్త సర్దుకుపో నాన్నా" అన్నప్పుడు మొదటిది చేస్తే రెండోదాని అవసరం సగం తగ్గుతుందని నా అనుభవం.

క్యాంపస్ డార్మ్‌లో ఉండేది తక్కువమందే. మనవాళ్లు ఎక్కువగా బయట అపార్ట్‌మెంట్లలో, రెండు బెడ్‌రూముల ఇంట్లో నలుగురో అయిదుగురో ఉంటారు. గదుల్లో ఉన్నవాళ్లకి క్లోజెట్ ఉంటుంది. హాల్లో పడుకునేవాడికి? అద్దె కాస్త తక్కువ కడతాడు, వాడి జీవితం మాత్రం సోఫా చుట్టూ చెల్లాచెదురుగా ఉంటుంది. వచ్చేపోయేవాళ్లంతా వాడి సాక్సులు తొక్కుతుంటారు. వాడికి నాలుగు డబ్బాలు పట్టే గోడ ఒకటి రాసివ్వండి. అది వాడి గది. అక్కడ మీ షూ పెట్టొద్దు.

మా ఇంట్లో గొడవలు ఆగిపోయింది ఒక్క డబ్బాతో. దానికి 'అనాథ' అని పేరు పెట్టాం. హాల్లో, వంటింట్లో, బాత్రూంలో ఎవరి వస్తువు దిక్కులేకుండా కనపడినా తిట్టకుండా, అరవకుండా, మెసేజ్ పెట్టకుండా అందులో వేసేయడం. ఎవరిదో వాళ్లు వెతుక్కుని తీసుకోవాలి. ఆదివారం రాత్రి అందులో మిగిలింది పంచాయితీకి వస్తుంది. మొదటి నెల ఆ డబ్బా పొంగిపొర్లింది. మూడో నెలకి ఒక చెంచా, ఒక చెవిపోగు. చెవిపోగు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నలుగురూ మగాళ్లమే.

ఎత్తుగా పేర్చేవాళ్లకి ఒక హెచ్చరిక. గది కప్పుకి మంటలార్పే నీటి స్ప్రింక్లర్ ఉంటే, దాని కింద 18 అంగుళాల దాకా ఏ సామానూ ఉండకూడదు. నీళ్లు గొడుగులా విచ్చుకోవడానికి ఆ జాగా కావాలి. ఇది ఏదో ఆఫీసు పట్టింపు కాదు. 2000 జనవరి 19 తెల్లవారుజామున న్యూజెర్సీలో సెటన్ హాల్ యూనివర్సిటీ బోలండ్ హాల్ హాస్టల్లో మంటలు లేచి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, యాభై మందికి పైగా గాయపడ్డారు. ఆ హాస్టల్ గదుల్లో స్ప్రింక్లర్లు లేవు. ఆ ఏడాదే న్యూజెర్సీ తన హాస్టళ్లన్నిట్లో వాటిని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. డార్మ్‌లలో కొవ్వొత్తులు, అగరుబత్తీలు వద్దనేదీ ఈ భయంతోనే. దేవుడి పటం, కుంకుమ భరిణె, బ్యాటరీ దీపం ఒక చిన్న డబ్బాలో సర్దితే, ఆ డబ్బా మూతే పీట. దేవుడు సర్దుకుపోతాడు, ఫైర్ అలారం సర్దుకుపోదు.

మళ్లీ ఆగస్టు

డబ్బాల అసలు పరీక్ష లీజు చివరి రోజున. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో విద్యార్థుల లీజులు చాలావరకు ఆగస్టు 14న ముగిసి 15న మొదలవుతాయి. ఆ రెండు రోజులూ ఊరి వీధుల్లో బల్లలు, దీపాలు, డబ్బాలు కుప్పలుగా పడుంటాయి. కావాల్సినవాళ్లు ఏరుకుపోతారు. 'హిప్పీ క్రిస్మస్' అని ముద్దుపేరు కూడా ఉంది. బోస్టన్‌లో ఇదే తంతు సెప్టెంబరు 1న, అక్కడ 'ఆల్‌స్టన్ క్రిస్మస్' అంటారు. వీధిలో ఆ కుప్పలు చూస్తే తెలుస్తుంది, ఏడాది పొడవునా దాచినదాంట్లో ఎంత భాగం ఒక్క పొద్దున పనికిరానిదైపోయిందో.

నా జూనియర్లకి అందుకే ఒక గీత చెప్తాను. మీ సామానంతా స్నేహితుడి కరోలా కారులో ఒక్క ట్రిప్పులో పట్టాలి, డ్రైవరు పక్కన మీరు కూర్చోగలగాలి. వేసవి ఇంటర్న్‌షిప్‌కి వేరే రాష్ట్రం వెళ్తున్నా, ఉద్యోగం వచ్చి కాలిఫోర్నియాకి మారుతున్నా, ఈ గీత లోపల ఉన్నవాడు సాయంత్రం అయిదుకి మొదలుపెట్టి రాత్రి భోజనానికి ఖాళీ అవుతాడు. గీత దాటినవాడు మూడు నెలలకి స్టోరేజ్ గది అద్దెకు తీసుకుని, అందులో పెట్టిన సామాను విలువ కన్నా ఎక్కువ అద్దె కడతాడు. నేను ఒక వేసవి కట్టాను. లోపల పెట్టింది ఆ ఆరు నల్ల డబ్బాలే.

ఈ ఏడు మీ ఇంటి నుంచి ఎవరైనా విమానం ఎక్కుతుంటే, ఆ రాత్రి కాటా పక్కన కూర్చుని ఉంటారు కదా, కందిపొడి ప్యాకెట్టు పక్కన ఒక కొలత టేపు, ఒక లావు మార్కర్ పెట్టండి. రెండూ కలిపి పావుకిలో కూడా తూగవు. డబ్బాలు మాత్రం పది రోజులయ్యాక కొనుక్కోమని చెప్పండి.